ఎడమ కాలికి సెలవు: పాత ల్యాండ్ క్రూజర్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేసిన కథ

(మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ల వారాంతపు కలయికలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. మైకు వద్దన్నాను. షెడ్డులో గ్రైండర్ మోతల మధ్య అరిచి అరిచి నా గొంతు ఎలాగూ పెద్దదే. వెనకాల వినపడకపోతే చెయ్యెత్తండి.

బయట పార్కింగ్‌లో మీరంతా చూసిన ఆ లేత గోధుమరంగు బండి నాదే. 1987 మోడల్ టొయోటా ల్యాండ్ క్రూజర్, హెచ్‌జే61. జపాన్‌లో పుట్టి, అక్కడ కొన్నేళ్లు తిరిగి, ముసలిదయ్యాక ఓడెక్కి ఇక్కడికొచ్చింది. 4 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో డీజిల్. 12హెచ్-టీ అంటారు ఆ ఇంజన్‌ని. దాని డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. పెడల్ తొక్కితే తీగ లాగుతుంది, తీగ లాగితే పంపు మీద చిన్న లీవరు తిరుగుతుంది, డీజిల్ ఎక్కువ పోస్తుంది. అంతే. ఈ లీవరు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

నాకు వచ్చినప్పుడు అందులో ఐదు గేర్ల మాన్యువల్ ఉండేది, హెచ్55ఎఫ్. లారీ గేర్‌బాక్స్ లాంటిది, చావదు. మరి ఎందుకు మార్చావు అని ఇప్పటికి యాభై మంది అడిగారు. రెండు కారణాలు. ఒకటి, నా ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. సిటీ ట్రాఫిక్‌లో ఆ క్లచ్ తొక్కి తొక్కి ఇంటికొస్తే మెట్లెక్కలేకపోయేవాణ్ని. రెండోది మా అమ్మాయి. ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసైంది. అలా పాసైనవాళ్లు ఇక్కడ పీ ప్లేట్ల మీద, అంటే కొత్త డ్రైవర్ల ప్రొబేషన్ లైసెన్సు మీద, ఉన్నంతకాలం మాన్యువల్ నడపకూడదు కదా. "నాన్నా, ఆ బండి నాకు ఎప్పుడూ ఇవ్వవా?" అంది. ఆ మాటకి లొంగిపోయాను.

పాత జీపుల్ని ఆటోమేటిక్ చేయడం పాపం అనేవాళ్లున్నారు. వాళ్లకో చిన్న సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఫోర్ వీల్ డ్రైవ్‌కీ ఆటోమేటిక్‌కీ పొత్తు ఇవాళ్టిది కాదు. 1963 మోడల్ జీప్ వాగనీర్‌లోనే రెండూ కలిపి ఇచ్చారు. ఆ గేర్‌బాక్స్ బోర్గ్ వార్నర్ వాళ్లది. అదే బోర్గ్ వార్నర్ 1969లో జపాన్ ఐసిన్‌తో కలిసి ఐసిన్ వార్నర్ పెట్టింది. నా బండిలో ఇప్పుడున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఏ440ఎఫ్, అక్కణ్నుంచి వచ్చిందే. 2020లో మన మహీంద్రా థార్‌కి వేసిన ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడా ఐసిన్‌దే. అంటే నేను చేసింది మతం మార్పిడేం కాదు, చుట్టరికమే.

సరే, పనిలోకి వద్దాం.

నేను చేసిన తెలివైన పని ఒకటే ఒకటి. గేర్‌బాక్స్ విడిగా కొనలేదు. ఇదే ఇంజన్‌తో, ఆటోమేటిక్‌తోనే ఫ్యాక్టరీలో తయారైన ఇంకో హెచ్‌జే61ని, వెనక తుక్కుపట్టి పోయినదాన్ని, ముందు సగం మొత్తంగా కొన్నాను. గేర్‌బాక్స్ అనేది ఈ పనిలో పదో వంతు. మిగతా తొమ్మిది వంతులూ దాని చుట్టూ ఉండే చిల్లర సామానే. ఫ్లైవీల్ బదులు వచ్చే పలచటి ఫ్లెక్స్ ప్లేటు, టార్క్ కన్వర్టర్, క్రాస్ మెంబర్, కొలత మారే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, గేరు లీవరు, దాని కడ్డీలు, వెడల్పాటి బ్రేక్ పెడల్, అడుగున నూనె చల్లార్చే గొట్టమున్న రేడియేటర్, పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప సెల్ఫ్ పడనివ్వని స్విచ్చు. ఇవన్నీ ఒక్క బండి నుంచి వచ్చాయి కాబట్టి నాకు ఎనిమిది వారాంతాల్లో అయింది. గేర్‌బాక్స్ ఒక్కటే చవగ్గా దొరికిందని కొన్న మిత్రుడొకాయన రెండో ఏడు కూడా బ్రాకెట్ల కోసం తిరుగుతున్నాడు.

ఇంకో మాట. జపాన్‌లో తిరిగిన ఈ డీజిల్ బండ్లు 24 వోల్టులవి. ఇక్కడి 12 వోల్టుల బండి సామాను కలిపితే ఓవర్‌డ్రైవ్ సోలినాయిడ్, అంటే అన్నిటికంటే పై గేరుని అదుపు చేసే కరెంటు వాల్వు, మాడిపోతుంది. గేర్‌బాక్స్‌కి బండి వేగం చెప్పే గవర్నర్ సంగతీ అంతే. పెట్రోల్ ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, నా డీజిల్‌కి నిమిషానికి 3500 చుట్ల దగ్గరే బలం పూర్తవుతుంది. పెట్రోల్ బండి గేర్‌బాక్స్‌ని అలాగే డీజిల్ వెనక పెడితే, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అది గేరు మార్చాల్సిన వేగం దాకా ఇంజన్ వెళ్లదు. అరుస్తూ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులు. రెండున్నాయి. మొదటిది టార్క్ కన్వర్టర్.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, పెద్ద గుమ్మడికాయంత ఇనుప డబ్బా అది. లోపల నూనె. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లున్నాయనుకోండి, ఒకటి ఇంజన్ తిప్పితే దాని గాలికి రెండోది తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు నూనె. క్లచ్ పెడల్ చేసే పని ఇది చేస్తుంది. దీని మెడ గేర్‌బాక్స్ లోపలికి వెళ్లి నూనె పంపుని తిప్పాలి. ఎక్కించేటప్పుడు గుండ్రంగా తిప్పుతూ నెడుతుంటే లోపలి పళ్లు ఒకదాని తర్వాత ఒకటి కలుస్తాయి. టక్. ఇంకాస్త తిప్పితే, టక్. ఇక అయిపోయింది అనిపిస్తుంది. కాలేదు. పంపు కొక్కేలు కలిసేటప్పుడు చివరి టక్ ఒకటుంటుంది.

జులై నెల రాత్రి, ఇక్కడ చలికాలం కదా, గరాజ్‌లో చేతులు కొంకర్లు పోతున్నాయి. నేనూ, సాయానికొచ్చిన మా తమ్ముడి ఫ్రెండూ. మేం ఆ చివరి టక్ వినలేదు. గేర్‌బాక్స్‌ని జాకీ మీద ఎత్తి ఇంజన్‌కి ఆనించాం. వేలెడు సందు మిగిలింది. "అన్నా, బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుందిలే" అన్నాడు. నిజంగానే వచ్చింది. నాలుగు బోల్టులూ చుట్టూ సమంగా బిగిస్తూ వస్తే సందు మూసుకుపోయింది. ఇద్దరం చాయ్ తాగాం. మర్నాడు సెల్ఫ్ కొడితే లోపల్నుంచి కంకర మిల్లు తిరిగినట్టు చప్పుడు. మళ్లీ దించి చూస్తే పంపు గేరు చెవులు విరిగి, కన్వర్టర్ మెడ గీరుకుపోయి ఉంది.

ఆ తర్వాత తెలిసింది. గేర్‌బాక్స్‌ని చేత్తో నెడితేనే అది ఇంజన్‌తో కలవాలి. బోల్టులున్నది పట్టి ఉంచడానికి, లాగడానికి కాదు. ఆనించాక కూడా కన్వర్టర్ చేత్తో తిరుగుతూ, కొంచెం వెనక్కీ ముందుకీ ఆడాలి. హౌసింగ్ అంచు మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టర్ బోల్టు చెవి ఎంత లోతులో ఉందో వర్నియర్‌తో కొలిచి, సర్వీస్ పుస్తకంలో అంకెతో సరిచూసుకుని అప్పుడు ఎత్తండి. మాకు అసలు అడ్డు ఏమిటో తెలుసా? క్రాంక్ చివర మాన్యువల్ గేర్‌బాక్స్ షాఫ్టు కోసం ఉండే చిన్న పైలట్ బేరింగ్. దాన్ని పీకడం మర్చిపోయాం. కన్వర్టర్ ముక్కు వెళ్లి కూర్చోవాల్సింది ఆ రంధ్రంలోనే. బొటనవేలంత బేరింగ్ కోసం పంపూ కన్వర్టరూ రెండూ కొత్తవి కొన్నాను.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. ఇవాళ నేను మాట్లాడ్డానికి వచ్చిందే దాని కోసం.

మాన్యువల్‌లో ఏ గేరు కావాలో నిర్ణయించేది మీరు. ఎత్తు చూస్తారు, చప్పుడు వింటారు, మారుస్తారు. ఆటోమేటిక్‌కి కళ్లు లేవు. మరి దానికి ఎలా తెలుస్తుంది? ఇప్పటి బండ్లలో సెన్సర్లు, కంప్యూటర్. నా పాత ఏ440ఎఫ్‌లో గేర్లు మార్చేది నూనె ఒత్తిడి. మన కిరాణా కొట్టు తక్కెడ ఊహించుకోండి. ఒక పళ్లెంలో బండి వేగం. అది వెనక షాఫ్టు మీదున్న గవర్నర్ చెబుతుంది, వేగం పెరిగిన కొద్దీ ఆ వైపు ఒత్తిడి పెరుగుతుంది. రెండో పళ్లెంలో మీ కుడికాలు. ఎంత గట్టిగా తొక్కితే ఆ వైపు అంత ఒత్తిడి. వేగం గెలిస్తే పై గేరు పడుతుంది. కాలు గెలిస్తే కింది గేరు పడుతుంది.

ఆ కాలి బరువు గేర్‌బాక్స్‌కి చేరవేసేది ఏమిటంటే, సైకిల్ బ్రేకు తీగంత సన్నటి కేబుల్. కిక్‌డౌన్ కేబుల్ అంటారు అందరూ. కిక్‌డౌన్ అంటే పెడల్ గట్టిగా తొక్కినప్పుడు కింది గేరు పడటం. ఆ పేరే మోసం. కిక్‌డౌన్ మాత్రమే దాని పనైతే సరిగ్గా లేకపోయినా ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాస్త బద్ధకిస్తుంది, అంతే కదా అనిపిస్తుంది. అసలు పని వేరు. గేర్‌బాక్స్ లోపల గేర్లని పట్టుకునే క్లచ్ పలకలుంటాయి, వాటిని ఎంత బలంగా అదిమి పట్టాలో చెప్పేది కూడా అదే. ఇంజన్ గట్టిగా లాగుతున్నప్పుడు పట్టు గట్టిగా ఉండాలి. కేబుల్ వదులుగా ఉంటే, "ఈయన మెల్లిగా పోతున్నాడు" అనుకుని గేర్‌బాక్స్ వదులుగా పట్టుకుంటుంది. ఇంజనేమో పూర్తి బలంతో తిప్పుతుంటుంది. పలకలు జారతాయి. జారితే కాలతాయి.

పెట్రోల్ బండికి ఇందులో ఇంకో దారి ఉంది. కొన్ని అమెరికన్ గేర్‌బాక్సులు, టర్బో 350, టర్బో 400 లాంటివి, ఇంజన్ పీల్చే వాక్యూమ్‌ని బట్టి కాలి బరువు తెలుసుకుంటాయి. డీజిల్‌కి గాలిని ఆపే రెక్క ఉండదు కాబట్టి ఆ వాక్యూమే ఉండదు. వాటిని డీజిల్ వెనక వేయాలంటే విడిగా వాక్యూమ్ పంపు, డీజిల్ పంపు లీవరుకి తగిలించిన రెగ్యులేటర్ వాల్వు కావాలి. కంప్యూటర్‌తో నడిచే కొత్త గేర్‌బాక్స్ వేస్తే ఆ లీవరు మీదే ఒక సెన్సర్, దానికో కంట్రోలర్. ఏ దారిలో వెళ్లినా చివరికి ఆ చిన్న లీవరు దగ్గరికే వచ్చి, నీ కదలికని గేర్‌బాక్స్‌కి ఎలా చెప్పను అని అడగాల్సిందే.

నేనేం చేశాను? మొదటిరోజు నడిపితే గేర్లు కాస్త దెబ్బకొట్టినట్టు పడుతున్నాయి. నాకు నచ్చలేదు. కేబుల్ నట్టు రెండు మూడు చుట్లు వదులు చేశాను. అబ్బ, వెన్న! ఎప్పుడు మారిందో తెలియలేదు. మా ఆవిడని కూర్చోబెట్టి తిప్పాను. "ఇన్నాళ్లకి మనుషుల బండిలా ఉంది" అంది. ఆమె నా షెడ్డు పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి, పొంగిపోయాను. ఆ ఆనందంలోనే ట్రైలర్ తగిలించుకుని కొండల్లోకి రెండు ట్రిప్పులు వేశాం.

రెండోసారి తిరిగొచ్చాక డిప్‌స్టిక్ తీస్తే, చెర్రీ ఎరుపు ఉండాల్సిన నూనె కాఫీ డికాషన్ రంగులో ఉంది. వాసన చూశాను. అడుగంటిన పప్పు వాసన. పక్క వీధిలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, జీవితమంతా ఆటోమేటిక్‌లే చేసిన మనిషి. ఆయన నన్ను అడిగింది ఒకటే: గేర్లు మెత్తగా పడుతున్నాయా? అవునండీ, చాలా మెత్తగా అన్నాను, ఇంకా గర్వంగానే. ఆయన ఇక మాట్లాడలేదు, ప్యాన్ విప్పి చూపించాడు. అడుగున నల్లటి బురద, పలకల మీది పదార్థమంతా అక్కడే ఉంది.

టొయోటా చెప్పే కొలత చాలా చిన్నది. ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నేల దాకా తొక్కి పట్టుకోవాలి, ఇంజన్ ఆపేసి. ఇంకొకరు ఇంజన్ దగ్గర చూడాలి. కేబుల్ మీద చిన్న గుండు నొక్కి ఉంటుంది. ఆ గుండుకీ, పైతొడుగు చివరకీ మధ్య సందు 0 నుంచి 1 మిల్లీమీటర్. నేను వదిలింది ఎంతో కొలవలేదు గానీ, వేలు పట్టేంత ఉంది. కార్పెట్ మందంగా ఉండి పెడల్ పూర్తిగా వెళ్లకపోయినా ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి డీజిల్ పంపు లీవరు దాని స్టాప్‌కి తగిలిందా లేదా కంటితో చూడండి. కేబుల్ కట్టే బ్రాకెట్ ఫ్యాక్టరీది దొరకక సొంతంగా చేసుకునేవాళ్లు ఇంకో మాట వినండి. చివర్లో సందు సరిపోతే చాలదు. లీవరు మొదటి నుంచి చివరిదాకా తిరిగినప్పుడు కేబుల్ కూడా మొదటి నుంచి చివరిదాకా రావాలి. కొక్కెం లీవరు ఇరుసుకి దగ్గరగా తగిలిస్తే తక్కువ లాగుతుంది, దూరంగా తగిలిస్తే ఎక్కువ లాగుతుంది. అన్నీ అయ్యాక గేర్‌బాక్స్ నూనె ఒత్తిడి చూపే లైన్ ప్రెషర్ గేజీ తగిలించి చూస్తే అనుమానం ఉండదు. స్టాల్ టెస్ట్, అంటే బ్రేకు పట్టి గేర్లో ఉంచి పెడల్ పూర్తిగా తొక్కి చూడటం, చేసేవాళ్లు 5 సెకన్లకి మించి తొక్కిపట్టకండి.

గేర్‌బాక్స్ మళ్లీ కట్టించాను. ఇప్పుడు గేరు పడితే తెలుస్తుంది, భుజం మీద స్నేహితుడు తట్టినట్టు. మా ఆవిడ మాత్రం మొదటిదే బాగుండేది అంటుంది.

వేడి గురించి రెండు మాటలు. మాన్యువల్‌కి నూనె వేడి అనే టెన్షన్ ఉండదు. దీనికి అదే ప్రాణం. కన్వర్టర్ లాకప్, అంటే లోపల జారకుండా రెండు వైపులూ కలిపి బిగించేసే ఏర్పాటు, పడేది పై గేరులో, కాస్త వేగం మీదే. ఇక్కడి బిగ్ డెజర్ట్ ఇసుకలో హై రేంజ్‌లో, అంటే మామూలు రోడ్డు గేర్లలో, మెల్లగా ఈడుస్తూ పోతుంటే, కన్వర్టర్ లోపల నూనెని చిలకడం తప్ప ఇంకేం జరగదు. చిలికిన బలమంతా వేడే. అందుకే లో రేంజ్, అంటే గేర్లన్నిటినీ ఇంకా నెమ్మది చేసే రెండో లీవరు, వేసుకోండి, సిగ్గుపడకండి. రేడియేటర్ అడుగునున్న కూలర్ చాలదు, ముందు ఇంకొకటి విడిగా పెట్టాను. కన్వర్టర్ నుంచి వేడి నూనె బయటికొచ్చే గొట్టానికి గేజీ పెట్టాను. 90 డిగ్రీల దగ్గర ఉంటే పాటలు పెట్టుకుంటాను, 120 దాటుతుంటే బండి ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ కొంచెం రేజ్ చేసి చల్లారనిస్తాను. వాగులు దాటేవాళ్లు గేర్‌బాక్స్ గాలి గొట్టాన్ని బానెట్ ఎత్తుకి పొడిగించండి. లోపలికి నీళ్లు పోతే ఆ ఎర్రనూనె అచ్చం రోజ్‌మిల్క్ అవుతుంది. రేడియేటర్ లోపల కూలర్ చిల్లుపడినా అదే రోజ్‌మిల్క్. కనబడిన క్షణం ఇంజన్ ఆపేయండి, ఇంటిదాకా నెట్టుకొద్దాం అనుకోవద్దు.

ఏం పోగొట్టుకున్నాను? దిగుడు.

మా నాన్న పాడేరు ఘాట్‌లో జీపు నడిపేవారు. నేను స్టీరింగ్ పట్టిన మొదటిరోజు ఆయనన్న మాట, "గేర్లో దిగరా, బ్రేకు మీద దిగకు." హెచ్55ఎఫ్‌లో మొదటి గేరు నిష్పత్తి 4.84. ఏ440ఎఫ్‌లో 2.95. ఎక్కేటప్పుడు ఈ తేడా కనబడదు, ఎందుకంటే బండి కదలకముందు కన్వర్టర్ ఇంజన్ బలాన్ని రెండింతల దాకా పెంచి ఇస్తుంది. రాళ్ల మీద ఎక్కుడైతే నిజానికి మాన్యువల్ కంటే ఇదే హాయి. వెనక్కి జారడం లేదు, క్లచ్ కాలడం లేదు, గేరు మార్చే ఆ అరక్షణంలో టర్బో గాలి పడిపోవడం లేదు. దిగేటప్పుడు మాత్రం కన్వర్టర్ ఏ సాయమూ చేయదు. బిల్లీ గోట్ బ్లఫ్ అనే నిటారు కొండదారి మొదటిసారి దిగినప్పుడు లో రేంజ్ వేసి, గేరు లీవరు ఎల్‌లో, అంటే మొదటి గేరులో, పెట్టి కాలు తీశాను. పాత బండి అక్కడ ముసలమ్మలా దిగేది. ఇది నన్నడక్కుండానే పరుగు మొదలెట్టింది. బ్రేకు తొక్కాను, కొంచెం వదిలాను, మళ్లీ తొక్కాను. కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర వాసన. నాన్న ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. ఇప్పుడు వెనక డిస్కులు కూడా వేసే ఆలోచనలో ఉన్నాను.

కాగితాల సంగతి. విక్టోరియాలో ఇలాంటి మార్పులకి వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి చూస్తారు. సర్టిఫికెట్ అవసరమైతే ఇచ్చేది వాస్ అనే రాష్ట్ర తనిఖీ పథకం కింద ఉన్న ఇంజనీర్లు. పని అయ్యాక కాదు, స్పానర్ పట్టకముందే వాళ్లతో మాట్లాడండి. ఇన్సూరెన్స్‌కి కూడా చెప్పండి. ఇండియాలో మీ బావమరిది ఎవరైనా ఇది విని ఉత్సాహపడితే, అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందని చెప్పండి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండి మార్చకూడదంటుంది అది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. ముందు ఆర్టీవో దగ్గర రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే బోల్టు విప్పమనండి.

అడగండి అన్నయ్యా, చెయ్యెత్తారు. ఆఁ, బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చేయొచ్చా అంటున్నారు.

లేదండీ. మన ఊళ్లలో జీపు అంటేనే నలుగురు దిగి తోయడం కదా, ఆ యోగం పోయింది. నూనె పంపుని తిప్పేది ఇంజన్. ఇంజన్ ఆగితే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే లోపలి క్లచ్‌లు పట్టవు, చక్రాలు ఎంత తిరిగినా ఇంజన్ తిరగదు. లాక్కెళ్లాల్సొస్తే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్‌బాక్స్ వెనక ముందు వెనక చక్రాలకి బలం పంచే డబ్బా, న్యూట్రల్‌లో పెట్టండి, దూరమైతే షాఫ్టులు విప్పేయండి. నేను మంచి బ్యాటరీలు రెండూ, జంపర్ కేబుళ్లూ పెట్టుకు తిరుగుతున్నాను.

అలవాటు పడ్డారా అని అడుగుతోంది అమ్మాయి. మొదటివారం పడలేదమ్మా. సిగ్నల్ దగ్గరికొస్తే ఎడమకాలు తనంతట తనే లేచి, లేని క్లచ్‌ని తొక్కేది. అక్కడ ఉన్నది వెడల్పాటి బ్రేకు. మా అత్తగారు ముందు సీట్లో డ్యాష్‌బోర్డుకి దండం పెట్టారు ఒకసారి. ఆ కాలి చెప్పు విప్పేసి నడిపితే గుర్తుంటుందని ఎవరో చెప్పారు, పనిచేసింది.

తీసేసిన మాన్యువల్ గేర్‌బాక్స్ అమ్ముతారా అని ఇంకెవరూ అడక్కండి, అమ్మను. గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంది.

పదండి, బయటికి. ఈ నూనె కొలత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడకూడదు. వేడెక్కాక, సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆడుతుండగా, లీవర్ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి పార్క్‌లోకి తెచ్చి అప్పుడు డిప్‌స్టిక్ తీయాలి. ఒక రౌండు తిప్పుకొచ్చి చూపిస్తాను. వంటగది నుంచి ఎవరైనా ఒక తెల్లగుడ్డ పట్టుకురండి, రంగు దాని మీదైతే బాగా కనబడుతుంది.